ఆముదం పూసిన కుండ

బొద్దింక కనిపిస్తే చీపురు కోసం వెతుక్కునే మనిషిని నేను. అలాంటిదాన్ని అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, పలాసలో రైలుకట్ట పక్కన మా అద్దె ఇంట్లో, రెండు కుండల నిండా బొద్దింకల్ని పెంచాను. వాటికి తవుడు పెట్టాను, జీడిమామిడి పండు పిసికి పెట్టాను, రోజూ తడిగుడ్డ మార్చాను. మా ఆయనకి మాట రావడం కోసం ఇదంతా చేశాను. చెబితే నవ్వుతారు. నవ్వండి, అప్పుడు వీధి వీధంతా నవ్వింది, నాకది కొత్తేమీ కాదు.

మా ఆయన నరహరి ఉద్దానంలో ఒక సమితి స్కూల్లో మాష్టారు. రోజూ సైకిలు మీద వెళ్ళి వచ్చేవారు. ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున పెరట్లో పళ్ళు తోముకుంటూ ఉన్నవారు ఉన్నట్టే కూలబడిపోయారు. టెక్కలిలో డాక్టరు దగ్గర పద్దెనిమిది రోజులు ఉన్నాం. కాలు వచ్చింది, చెయ్యి సగం వచ్చింది, మాట మాత్రం రాలేదు. అన్నీ తెలుస్తూనే ఉండేవి ఆయనకి. ఎవరు ఏమడిగినా కళ్ళతో జవాబు చెప్పేవారు. నోటి నుంచి 'మ్మ' అన్న ఒక్క శబ్దం తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఊరి పిల్లలందరి చేతా ఎక్కాలు పలికించిన నోరది. నేను వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ఊదే నెపం పెట్టుకుని ఏడ్చేదాన్ని.

హెడ్మాష్టారు జగన్మోహనరావు గారు చూడ్డానికి వచ్చారు. మంచాన ఉన్నాయన చెయ్యి చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు నన్ను గుమ్మం దాకా పిలిచారు.

"చెల్లెమ్మా, జూన్ దాకా సెలవు సంగతి నేను చూసుకుంటాను. బడి తెరిచేనాటికి నరహరి పిల్లల ముందు నిలబడి హాజరు పిలిస్తే చాలు. పాఠాల మాట తర్వాత ఆలోచిద్దాం. అదీ చెయ్యలేకపోతే ఇంక నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా. సంతకం పెట్టాల్సినవాణ్ణి నేను. అబద్ధం మీద పెట్టలేను."

ఆయన మంచివారు కాబట్టి అంత మర్యాదగా చెప్పారు. మాకు పిల్లల్లేరు, పొలం లేదు, వెనక నిలబడే అన్నదమ్ములు లేరు. ఆ నోరు పెగిలితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

మాకున్నదల్లా ఒక కొండగోరింక. మూడేళ్ళ కిందట మందస సంతలో, కొండ దిగి వచ్చిన ఒక మనిషి బుట్టలో పెట్టి అమ్ముతుంటే ఈయన మనసు పడి తెచ్చారు. అప్పటికి దానికి ఈకలు కూడా సరిగ్గా రాలేదు. ఈయన దానికి ఇంట్లో వేరే బడి పెట్టారు. రోజూ సాయంత్రం పంజరం ముందు పీట వేసుకుని కూర్చుని ఒకే మాట వందసార్లు చెప్పేవారు. ఆ పట్టుదలకి అది మూడు మాటలు నేర్చింది. 'రెండు ఒకట్ల రెండు' ఒకటి. 'రెండు రెళ్ళు నాలుగు' రెండోది. వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా 'మంగా, ఎవరొచ్చారో చూడు' అనేది మూడోది. గొంతు అచ్చం ఆయనదే, మాట చివరనుండే ఆ చిన్న జీరతో సహా. నేను ఎన్నిసార్లు పెరట్లోంచి "వస్తున్నానండీ" అంటూ పరిగెత్తుకొచ్చి, దాని చేతిలో వెర్రిదాన్నయ్యానో లెక్కలేదు.

టెక్కలి వెళ్ళేటప్పుడు దాన్ని పక్క పాకలో ఉండే బొడ్డమ్మకి అప్పగించాను. బొడ్డమ్మ జీడి బట్టీలో పిక్కలు కొట్టే మనిషి. జీడినూనె తగిలి తగిలి దాని చేతులు మణికట్టు దాకా నల్లగా ఉండేవి. తిరిగొచ్చేసరికి గోరింక సగం ఈకలు రాల్చుకుని, ముక్కు రొమ్ములో దూర్చుకుని కూర్చుని ఉంది.

"అన్నం తిన్నాది, అరిటిపండు తిన్నాది, నోరు మాత్రం ఇప్పనేదమ్మా," అంది బొడ్డమ్మ. "దీనికి పురుగు గావాల. మా మావ పందెం పుంజులకి బొద్దింకల్ని ఏసీవోడు. పురుగు పడితేనే పిట్టకి గొంతు లేత్తాది."

బొద్దింకని చేత్తో పట్టుకోవడం నా వల్ల కాదన్నాను. అయినా ఆ సాయంత్రం బియ్యం డబ్బా వెనక ఒకదాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని పంజరంలో పడేశాను. అది ఒక్క పోటుతో మింగేసింది. నాలుగు రోజులు అలా వేశాను. అయిదో రోజు పొద్దున్న వసారాలో ఆయనకి గంజి కలుపుతుంటే పంజరంలోంచి "రెండు ఒకట్ల రెండు" అని వినపడింది. నేను తలెత్తి చూసింది పంజరం వైపు కాదు, ఆయన వైపు. ఆయన పెదాలు కదులుతున్నాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. "రెం," అన్నారు.

నేను అదివరకు ఎన్నోసార్లు ఆయన ఎదురుగా కూర్చుని "నీళ్ళు అనండి, మంగ అనండి" అని బతిమాలాను. అన్నప్పుడల్లా మొహం గోడ వైపు తిప్పేసుకునేవారు. పెళ్ళాం చేత అక్షరాలు దిద్దించుకోవడం ఆయనకి చావుతో సమానం. గోరింక దగ్గర ఆ సిగ్గు లేదు. తను నేర్పినదాన్నే, తన గొంతుతోనే అది తిరిగి చెబుతోంది. ఆ రోజు నాకు దారి దొరికిందనిపించింది. ఆ పిట్ట మాట్లాడుతూ ఉండాలి, దాని కోసం పురుగులు ఉండాలి.

"రోజుకి పది పదిహేను గావాల. ఎక్కడ ఏరుతావు? పెంచుకో," అంది బొడ్డమ్మ. తనే ఒక వెడల్పు మూతి పాత కుండ తెచ్చింది. అడుగున గోనెముక్కలు, మడతలు పెట్టిన తాటాకులు వేసింది. ఆ తర్వాత తన ఆముదం సీసా తీసి, కుండ మూతి లోపల నాలుగు వేళ్ళ మేర చుట్టూ దట్టంగా పూసింది. పిక్కలు కొట్టే ముందు చేతులు కాలకుండా రాసుకునే ఆముదం అది.

"దీని మీద కాలు నిలవదు. ఎక్కుతాది, జారుతాది. నాలుగు రోజులకోసారి పుయ్యాల. కింద నీళ్ళ పళ్ళెం పెట్టు, సీమలు రావు. సీమలొత్తే ఇంకేటీ మిగల్దు."

బట్టీ గోదాము గోనెల్లోంచి విత్తనానికి దోసెడు బొద్దింకలు కూడా తనే తెచ్చిచ్చింది. ఉద్దానంలో జీడిమామిడి కాపు ముమ్మరంగా ఉన్న రోజులవి. పిక్క తీసుకుని పండ్లు చెట్ల కింద పారేస్తారు కదా, బుట్టెడు తెచ్చి వేస్తే అవి పీల్చి పిప్పి చేసేవి. చైత్రం దాటేసరికి చింతగింజ ముక్కల్లాంటి గుడ్ల తిత్తులు పగిలి, చీమలంత పిల్లలు కుండ నిండా పాకాయి. కుబుసం విడిచిన పురుగు కాసేపు తెల్లగా మెత్తగా ఉంటుంది. గోరింకకి అదంటే ప్రాణం. నేను తాటాకు ఎత్తి, ఆ తెల్లవాటిని వేళ్ళతో ఏరేదాన్ని. రెండో కుండ కూడా పెట్టాను. చెప్పొద్దూ, ఏదైనా రోజు పిల్లలు ఎక్కువ కనిపిస్తే నాకు సంతోషంగా కూడా ఉండేది.

ఎదురింటి కామాక్షమ్మ గారు ఈ సంగతి విని స్వయంగా చూడ్డానికి వచ్చారు. పురోహితుల ఇల్లు వాళ్ళది. కుండ దగ్గరికి రాకుండా గుమ్మంలోనే ఆగి ముక్కు మీద వేలేసుకున్నారు.

"ఏమిటే మంగతాయారూ, అందరూ ఆవుని మేపుతారు, నువ్వు బొద్దింకల్ని మేపుతున్నావుటే? ఏకాదశికి వాటికి ఉపవాసమా, ఫలహారమా?"

"ఫలహారమేనండీ. జీడిమామిడి పండు."

"పేరంటానికి పిలుద్దామంటే భయంగా ఉందే తల్లీ, చీరలో ఏది పట్టుకొస్తావో," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత నిజంగానే పిలవలేదు. నాకు మండింది. అయినా ఆ మంట పెట్టుకుని కూర్చునే తీరిక ఎక్కడిది?

ఆయన మాత్రం మెట్టు మెట్టుగా ఎక్కారు. ఏప్రిల్ నెలాఖరుకి 'రెండు' అన్నారు. మే మొదటి వారంలో 'రెండు ఒకట్ల రెండు' మొత్తం వచ్చింది. పొద్దున్నా సాయంత్రం పంజరం ముందు అదే పీట మీద కూర్చునేవారు. అది అనేది, ఈయన అనేవారు. తప్పు పోతే అది మళ్ళీ అనేది. మూడో మాట మాత్రం ఎంతకీ వచ్చేది కాదు. 'మం' దగ్గరే ఆగిపోయి, కళ్ళు చెమర్చి, నా వైపు చూసేవారు. పోనీలెండి, నన్ను పిలవకపోతే ఏం, పిల్లల్ని పిలవండి అనేదాన్ని.

పిల్లల్ని పిలవాలంటే పేర్లు కావాలి. నేను హెడ్మాష్టారి దగ్గర్నుంచి హాజరుపట్టీ నకలు తెప్పించుకుని, ఆయన నిద్రపోయే మధ్యాహ్నాలు గోరింక ముందు కూర్చున్నాను. మొదటి పేరు సీతారాం. పదిహేను రోజులు సీతారాం, సీతారాం అని అరిగిపోయాను. చివరికి ఒక రోజు అది నా గొంతుతో 'సీతారాం' అంది. మూడోనాటికి ఆయనా అన్నారు. కాస్త ముద్దగా, కాస్త వంకరగా, అయినా పేరు పేరే. ఒక పేరు పలికినవాడు రెండోదీ పలుకుతాడు. బడి తెరవడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. నా లెక్క సరిపోతుందనే అనుకున్నాను.

ఆ వారమే మలేరియా మందు కొట్టేవాళ్ళు వచ్చారు. కొండ ఊళ్ళలో చలిజ్వరాలు లేచాయట, రైలుకట్ట పక్క వీధులన్నిటికీ కొడుతున్నారు. పాపం వాళ్ళు అన్నీ చెప్పే కొట్టారు.

"తినే సరుకులు, పిట్ట, ఆ కుండలు, అన్నీ బయట పెట్టీయండమ్మా. రెండు రోజులు గోడలు తాకొద్దు."

నేను ఎంత జాగ్రత్త పడ్డానో నాకు తెలుసు. గోరింకని, ఆయన్ని, రెండు కుండల్ని తీసుకుని, కట్టకి అవతల బొడ్డమ్మ అక్క కాపలా ఉండే జీడితోటకి వెళ్ళిపోయాను. రెండు రాత్రులు ఆ పాకలో పడుకున్నాం. కుండల్ని ఒక చెట్టు నీడన పెట్టాను, మూతికి గుడ్డ కట్టాను, ఆముదం కొత్తగా పూశాను. నీళ్ళ పళ్ళేలు మాత్రం ఇంట్లో మరిచిపోయాను. జీడిచెట్ల మీద ఆకులు అతికించి గూళ్ళు కట్టే ఎర్రచీమలుంటాయి. మూడోనాడు బయలుదేరబోతూ మళ్ళీ గుడ్డ విప్పితే కుండ లోపలంతా ఎర్రగా కదులుతోంది. బొద్దింకల రెక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. రెండో కుండా అంతే. రెండు నెలల పెంపకం. నేను ఆ చెట్టు కింద కూలబడి, బొద్దింకల కోసం ఏడ్చాను.

ఇంటికొచ్చాక గోరింక పండు ముట్టుకోలేదు. ముక్కు రొమ్ములో దూర్చుకుంది. ఒక రోజు గడిచింది, మాట లేదు. ఆయన పీట మీద కూర్చుని ఎదురు చూసి, ఎదురు చూసి లేచిపోయారు.

మర్నాడు పొద్దున్న బొడ్డమ్మ అడ్డాకు దొన్నె ఒకటి పట్టుకుని వచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది.

"ఇదిగోనమ్మా. ఏడవకు. ఊరు ఊరంతా బొద్దింకలే. గోడల్లోంచి బయటికొచ్చి ఎల్లకిలా పడిపోతన్నాయి. పట్టక్కర్నేదు, ఏరుకోడమే. ఈది ఈదంతా సెప్పీసినాను, పారెయ్యొద్దు, మాష్టరమ్మకి ఇవ్వండని."

దొన్నెలో ఇరవై దాకా ఉన్నాయి. కొన్ని చచ్చాయి, కొన్ని కాళ్ళు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నానికి ఇంకో మూడిళ్ళ వాళ్ళు తెచ్చారు. అగ్గిపెట్టెలో ఒకరు, కాగితం పొట్లంలో ఒకరు. రెండు నెలలుగా నన్ను చూసి నోరు నొక్కుకుని నవ్వినవాళ్ళే వీళ్ళంతా. "మాష్టారికి నోరు రావాలమ్మా" అని నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆ రోజు నాకు ఆ వీధి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. మనుషులు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను, ఆ మాట మార్చను.

గోరింక ఆత్రంగా తింది. ఆ సాయంత్రం మళ్ళీ నోరు విప్పింది. 'రెండు రెళ్ళు నాలుగు' అంది, 'సీతారాం' అంది. ఆయన వెంటనే అందుకున్నారు. రెండు రెళ్ళు నాలుగు అంటూ నా వైపు తిరిగి, పడిపోయిన తర్వాత మొట్టమొదటిసారి నవ్వారు. నోరు ఒకవైపుకే కదిలింది. నాకు అది చాలు. మర్నాడు కూడా కడుపునిండా వేశాను.

మూడోనాడు తెల్లవారి పంజరం మీది గుడ్డ తీశాను. గోరింక అడుగున పడి ఉంది. ప్రాణం ఉంది. రెండు కాళ్ళూ పైకి లేచి ఆగకుండా వణుకుతున్నాయి. ఆ వణుకు నేను ఎక్కడో చూశాను. ఎక్కడో కాదు, దొన్నెలో చూశాను.

వంటింట్లోకి వెళ్ళి మిగిలిన పొట్లం విప్పాను. ఒక బొద్దింకని తీసి కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. రెక్కల కింద, కాళ్ళ ముళ్ళలో సన్నగా తెల్లటి పొడి అంటుకుని ఉంది. తలెత్తి గోడ చూశాను. గోడ మీదా అదే పొడి ఆరి చారలు కట్టి ఉంది. గోడ తాకొద్దన్నారు, తాకలేదు. పిట్టని బయట పెట్టమన్నారు, పెట్టాను. ఎవరు చెప్పింది ఎవరు వినలేదని అనను?

గంటలోపు అది పోయింది. నా దోసిట్లోనే పోయింది. మల్లెపాదు పక్కన గొయ్యి తీసి పెట్టాను. ఆయన వసారా స్తంభం పట్టుకుని నిలబడి అంతా చూశారు. బొడ్డమ్మ పనికి వెళ్తూ ఆగింది.

"ఏటయినాదమ్మా?"

"వడదెబ్బ," అన్నాను.

"అయ్యో, నిన్న బాగా తిన్నాదే. నాను తెచ్చినవి తిన్నాదని ఎంత సంబరపడ్డానో," అని కళ్ళు తుడుచుకుంది. నేను దాని మొహం చూడలేక గొయ్యి మీద మట్టి సర్దాను. ఆ రోజంతా ఆయన పీట మీద కూర్చునే ఉన్నారు. పంజరం తలుపు తెరిచి ఉంది. రెండు అనలేదు, సీతారాం అనలేదు. నేనూ అనమని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే వీధి తలుపు గొళ్ళెం చప్పుడైంది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను.

"మంగా, ఎవరొచ్చారో చూడు."

చేతిలో గిన్నె జారిపోయింది. చివరి జీరతో సహా అదే మాట. వెర్రిదాన్ని, గోరింక బతికిందనుకున్నాను. పరిగెత్తుకొచ్చి పంజరం చూశాను. ఖాళీగా ఉంది. పీట మీద ఆయన, వీధి తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. గుమ్మంలో కామాక్షమ్మ గారు నిలబడి ఉన్నారు. చేతిలో అరిటాకు పొట్లం, దాన్ని రెండు వేళ్ళ కొసలతో దూరంగా పట్టుకున్నారు.

"మడి కట్టుకోకముందే ఏరుకొచ్చానే. పది ఉన్నాయి. నా మాటలు మనసులో పెట్టుకోకు," అన్నారు. అని, లోపలికి చూసి ఆగిపోయారు. "ఇప్పుడు మాట్లాడింది మీ ఆయనేనా?"

పొట్లం అందుకున్నానో లేదో గుర్తు లేదు. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకున్నాను. పూర్తి మాట. నా పేరుతో సహా పూర్తి మాట. నా ప్రాణం లేచొచ్చింది.

"మళ్ళీ అనండి."

"మంగా, ఎవరొచ్చారో చూడు."

"రెండు ఒకట్ల రెండు అనండి."

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మెడ నరాలు బిగుసుకున్నాయి. "మంగా, ఎవరొచ్చారో చూడు."

"పోనీ, సీతారాం అనండి."

మళ్ళీ అదే. కళ్ళలో భయం కనిపించింది నాకు. తను అనాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వస్తున్నది ఒకటి అని ఆయనకి తెలుస్తోంది. నేను అడగడం ఆపేశాను.

బడి తెరిచే ముందు రోజు జగన్మోహనరావు గారి ఇంటికి రిక్షాలో తీసుకెళ్ళాను. ఇస్త్రీ పంచె కట్టాను, తల దువ్వాను. హెడ్మాష్టారు హాజరుపట్టీ తెరిచి మొదటి పేరు మీద వేలు పెట్టి చూపించారు. మా ఆయన నిటారుగా నిలబడ్డారు. అక్షరాలన్నీ తెలుస్తూనే ఉన్నాయి. గొంతు సవరించుకుని, బడిలో పిలిచేటంత గట్టిగా పిలిచారు.

"మంగా, ఎవరొచ్చారో చూడు."

హెడ్మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పట్టీ మూశారు. "కాఫీ తాగి వెళ్దురుగాని, కూర్చో నరహరీ," అన్నారు.

ఆషాఢం రాకముందే బొడ్డమ్మ వెంట జీడి బట్టీకి పనికి వెళ్ళాను. కామాక్షమ్మ గారు గుమ్మంలోంచి చూసి తల దించుకున్నారు. మొదటి రోజు బొడ్డమ్మ నా రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని, ఆముదం పట్టించి మణికట్టు దాకా రుద్దింది. ఆ వాసనకి కుండలు గుర్తొచ్చాయి. దాని పక్కన పదకొండేళ్ళు పిక్కలు కొట్టాను. ఆ పిట్ట ఎందుకు పోయిందో ఒక్కరోజు కూడా చెప్పలేదు. దానికీ చెప్పలేదు, ఆయనకీ చెప్పలేదు. చెబితే ఎవరికి ఏం వస్తుంది?

ఆ మొదటి రోజు పొద్దు వాలాక ఇంటికొచ్చాను. ఎంత ఆముదం రాసినా వేళ్ళు నల్లబడి, అక్కడక్కడ బొబ్బలెక్కాయి. గొళ్ళెం తీశాను. లోపల దీపం లేదు. పీట మీద నుంచి ఆయన గొంతు వినపడింది.

"మంగా, ఎవరొచ్చారో చూడు."

చూడ్డానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

"నేనేనండీ," అన్నాను. "మంగనే వచ్చాను."